గోడలోని గొట్టము

గృహకృత్యములలో నీటితో సంబంధము లేని పని యొక్కటియు లేదు. తెల్లవారుజామున వాకిట కల్లాపి చల్లుట మొదలు రాత్రి వంటయిల్లు కడిగి తలుపు మూయువరకు గృహిణి చేయి తడియారదు. ఇంతగా నీటితో మెలగు మనము, ఆ నీరు ఏ త్రోవను మన యింటిలోనికి వచ్చుచున్నదో, ఏ గోడలో దాగి పారుచున్నదో, నిలుపవలసి వచ్చినపుడు ఏ మర త్రిప్పవలెనో విచారించుట అరుదు. అది పురుషుల పనియనియు, మేస్త్రీల పనియనియు లోకమున నొక వాడుక యేర్పడినది. కాని నీరు కట్టుదప్పిన నాడు మొదట తడియునవి మన ధాన్యపు బుట్టలు, మన పెట్టెలలోని చీరలు, మన బిడ్డల పడకలు. కావున ఈ విషయమును గూర్చి, మా యింట జరిగినదానిని ఆధారముగా జేసికొని, సోదరీమణులతో కొంత ముచ్చటింప దలచితిమి.

పలనాటివారికి నీటి విలువను వేరొకరు బోధింపనక్కర లేదు. శ్రీనాథ కవిసార్వభౌముడు ఈ సీమను జూచి, ఇచటి నీటిని, రాళ్లను, జొన్నకూటిని, తుదకు తేళ్లను సయితము ఎత్తిపొడుచుచు చాటువులు చెప్పెనని ప్రతీతి. ఆ కవియే పలనాటి వీరచరిత్రమును ద్విపదలో రచించి ఈ నేల కీర్తిని నిలిపెను గావున, ఆ యెత్తిపొడుపులకు మేమెవ్వరమును కోపింపము. మా అత్తగారు కాపురమునకు వచ్చిన దినములలో త్రాగునీటి బావికి రెండు బిందెలతో చీకటియుండగనే నడచిపోవలసి యుండెడిదట. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ ఈ సీమ మీదుగా సాగి, గుంటూరు, ప్రకాశము జిల్లాల పొలములకు ప్రాణము పోసెను. అయినను కాలువ యందని మెట్టయూళ్లకు బావులును బోర్లును నేటికిని దిక్కు. ఇంటింటికి కుళాయి నీయవలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటించిన జలజీవన పథకమునందు, పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్ల నీరని లెక్క కట్టిరి. ఈ యంకెను పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పని కలదు.

మేము కాపురముండు దుర్గి గ్రామము రాతిపనికి పేరెన్నికగన్నది. ఇచటి శిల్పులు మెత్తని సున్నపురాతిని చెక్కి దేవతామూర్తులను మలచుదురు. దుర్గి రాతిశిల్పములకు 2017-18 సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. మా ప్రక్కయింటివారును శిల్పులే. పెద్దమ్మగారు, ఆమె కుమారుడు, కోడలు, ఇద్దరు పసిపిల్లలు. వారి యింటికిని మా యింటికిని గోడ యొక్కటే. ఆ గోడ పాతకాలపుది. నాపరాళ్లను మట్టి అడుసుతో పేర్చి, పైన సున్నము పూసినది. ఇండ్లలోని నేలయు మట్టిమీద నాపబండలు పరచి, సందులను సిమెంటుతో పూడ్చినదే. ఇంటి యజమానులు ఇరువది యేండ్ల క్రిందట వంటయింటి మిద్దెపై 1000 లీటర్ల ట్యాంకు నిలిపి, దానినుండి దిగు ఇనుపగొట్టమును ఆ ఉమ్మడి గోడను చీల్చి లోపల పూడ్పించిరి. పైకి గనబడకుండుట అందమని తలచిరి కాబోలు. మేము అద్దెకు వచ్చునప్పటికే అది గోడలోనుండెను.

గడచిన మాఘమాసములో నొకనాటి రాత్రి రెండు గంటల వేళ అత్తగారు మమ్ము తట్టి లేపి, "అమ్మాయీ, గోడలో పాము బుసకొట్టినట్లున్నది, విను" అనిరి. విన్నాము. శబ్దము నిజమే, పాము కాదు. మావారు దీపము వేయుటకై మీట కడకు చేయి సాపగా, అత్తగారు ఆ చేతిని పట్టుకొని, "ముందు మెయిను తీయి నాయనా, గోడ తడిసినది" అనిరి. ఆమె బడికి పోయినవారు కారు. అయినను ఆ క్షణమున ఆమెకు తోచినది మాలో మరియెవరికిని తోచలేదు. మావారు పొడిపీటపై నిలిచి, వసారాలోని మెయినును ఎండుకఱ్ఱతో క్రిందికి దించిరి. అప్పుడు చేతిఫోను వెలుతురులో చూతుము గదా, నడిమింట అంగుళమునకు పైగా నీరు నిలిచి, గోడ మొదట నుండి బురదనీరు ఉబికి వచ్చుచుండెను. బండల సందులలో బుడగలు లేచుచుండెను. బండల క్రింద కాపురమున్న తేళ్లు రెండు వెలికివచ్చి గడపమీది కెక్కెను. శ్రీనాథుని మాట యబద్ధము కాదు. అత్తగారు చీపురు తిరుగవేసి పట్టుకొని, "కాలు చూచి పెట్టండి" అని యందరిని హెచ్చరించుచు ముందు నడచిరి.

మావారు మిద్దె యెక్కి, ట్యాంకు మొదటనున్న గేటువాల్వును త్రిప్పబోయిరి. అది కదలలేదు. ఈ ప్రాంతపు నీటిలో సున్నపుపాలు మెండు. ఆ గార పేరుకొని వాల్వు బిగిసిపోయెను. ఆ సంగతి మేము సంక్రాంతికి ముందే యజమానులకు తెలిపియుంటిమి. వేసవిలో చూతమని వారు జవాబిచ్చియుండిరి. ఇంతలో అలికిడికి లేచిన ప్రక్కయింటి శిల్పి పిట్టగోడ దాటి వచ్చి, "పంతులుగారూ, బలవంతము చేయకండి. పిడి విరిగితే తరువాత మన చేతిలో ఏమీ ఉండదు" అని, యొక పొడుగాటి కఱ్ఱ చివర పాత తువ్వాలును ఉండగా జుట్టి త్రాటితో బిగించి, ట్యాంకు మూత తీసి లోపలికి దించెను. అడుగునగల రంధ్రముకడకు ఆ యుండ చేరినంతనే, నీటి లాగుడుకు అదియే పోయి రంధ్రమున బిగిసికొనెను. గోడలోని బుస ఆగిపోయెను. ట్యాంకులో సగము నీరు దక్కెను. ఈ యుపాయమును గుర్తుంచుకొనవలసినదని ప్రతి సోదరికిని మనవి చేయుచున్నాము. తువ్వాలును కఱ్ఱయు లేని యిల్లు లేదు గదా.

వారు మిద్దెపై నుండగా క్రింద జరిగినది వేరు. ఆ ఉమ్మడి గోడ గూటిలోను, దాని క్రిందనున్న కొయ్యపెట్టెలోను మా తండ్రిగారి పుస్తకములున్నవి. మాకు బడిచదువు లేదు. ఆంధ్రమహాభారతమును, పోతనగారి భాగవతమును, మనుచరిత్రమును మా తండ్రిగారే వీధియరుగుపై కూర్చుండబెట్టి చెప్పిరి. పాఠము చెప్పుటకు ముందునాటి రాత్రి వారు ప్రతిపదార్థమును సిరాతో వ్రాసి యుంచుకొన్న నోటుపుస్తకములు మూడు ఆ పెట్టెలో నుండెను. వారు గతించి ఆరేండ్లయినది. మేము మొదట ఆ పెట్టెవైపే నడచితిమి. చేయి దానిమీద వేయుచుండగా గోడలోనుండి గులకరాయి యొకటి జారి నీటిలో పడెను. దాని వెనుక మరియొకటి. వచ్చు నీరు రంగుమారి అంబలివలె చిక్కబడెను. అది రాళ్లను పట్టియుంచిన అడుసు. ఆ గోడకు ఆవలిప్రక్క పెద్దమ్మగారి మంచము, ఇద్దరు పిల్లల పడక గలవని మాకు తెలియును.

పెట్టెను విడిచి వారి వాకిటికి పరుగెత్తితిమి. పెద్దమ్మగారు నిద్రమత్తులో, "పంతులమ్మా, ఈ చలిలో ఈ పొద్దున బిడ్డల నెక్కడికి తీసుకపోను?" అనిరి. "మా వసారాలోనికి. గోడ తడిసినది పెద్దమ్మా, లేవండి" అని, మాటతో ఆలస్యము చేయక చిన్నవానిని దుప్పటితో గూడ ఎత్తుకొంటిమి. పెద్దదానిని తల్లి యెత్తుకొనెను. పావుగంట గడచెనో లేదో, వారి వైపున గోడ కడుపు ముందుకు వచ్చి, అయిదారు రాళ్లు జారి పిల్లల మంచముమీద పడెను. ఆ మంచపుపట్టె విరిగినది. దానిని చూచిన పిమ్మట మేమును ఆ కోడలును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమేగాని మాటాడలేదు. పుస్తకముల పెట్టె అప్పటికి అరగంటగా నీటిలో నానుచుండెను.

తెల్లవారినంతనే పైపుల మేస్త్రీ వచ్చి గోడను పగులగొట్టి, చెడిన గొట్టమును కోసి మా యెదుట నుంచి, "అమ్మగారూ, ఇది రాత్రి చెడినది కాదండి, రెండు మూడేండ్లనుండి చెడుతూనే ఉన్నది" అనెను. లోపల తెల్లని గార పేరుకొని రంధ్రము సగము పూడిపోయెను. వెలుపల త్రుప్పు పొరలు పొరలుగా ఊడుచుండెను. ఇనుపగొట్టమునకు త్రుప్పు పట్టకుండ జింకుపూత పూయుదురు. ఆ పూత కాలక్రమమున హరించును. అది హరించిన చోట ఇనుము వెలుపలి తడిమట్టికిని లోపలి నీటికిని చిక్కి పలుచబడును. తొలుత సూదిబెజ్జమంత తూటు పడును. ఆ తడికి చుట్టునున్న మట్టి మరింత తడిసి త్రుప్పును పెంచును. తుదకొకనాడు గొట్టము నిలువున చీలును. నీటియొత్తిడి ఎంతయని మావారిని అడుగగా, పది మీటర్ల యెత్తున నిలిచిన నీరు చదరపు సెంటీమీటరునకు సుమారొక కిలో బరువుతో నొత్తుననియు, మా ట్యాంకు నాలుగు మీటర్ల యెత్తులోనే యున్నది గావున అందులో సగమైనను లేదనియు లెక్కగట్టి చెప్పిరి. కావున గొట్టమును చీల్చినది నీటిబలము కాదు, ఇనుము దౌర్బల్యము.

గొట్టములు పగులుటకు దేశమును బట్టి హేతువులు వేరు. శీతలదేశములలో నీరు గొట్టములోనే గడ్డకట్టును. గడ్డకట్టునపుడు నీరు నూటికి సుమారు తొమ్మిది పాళ్లు ఉబ్బును. ఆ యుబ్బుకు ఇనుమైనను నిలువదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 2021 ఫిబ్రవరిలో మంచుతుపాను వచ్చి, విద్యుచ్ఛక్తి నిలిచిపోగా, వేలకొలది యిండ్లలో గొట్టములు పగిలి పైకప్పులనుండి నీరు కురిసెను. అచటనున్న మన తెలుగువారు పెక్కుమంది ఆ నాళ్లలో నీటికి చలికి కటకటపడిరి. మన పలనాట మంచు లేదు. మనకు శత్రువు ఎండ. రెంటచింతల యెండలు రాష్ట్రమంతటను ప్రసిద్ధములు గదా. మిద్దెలపై ఎండకు విడిచిన ప్లాస్టికు గొట్టము కొన్ని వేసవులకే పెళుసెక్కి, చేయి తగిలిన విరుగును. దానికి రంగు పూసినను, గుడ్డ చుట్టినను, నీడ పట్టునకు మార్చినను చాలకాలము మన్నును. మరియొక హేతువు కలదు. వేగముగా పారు నీటిని తటాలున నిలిపినచో, ఆ వేగమంతయు గొట్టము మీద సమ్మెటపోటువలె పడును. కుళాయి కట్టునపుడు గోడలో ఠక్కుమని వినబడునది ఇదియే. కావున కుళాయిని మెల్లగా కట్టుట బిడ్డలకు నేర్పవలెను.

ఇక లెక్క. ఆ రాత్రి పోయిన నీరు 500 లీటర్లు. మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున చూచినచో తొమ్మిదిమంది యొక దినమంతయు వాడుకొనదగిన నీరు. అది మా గోడను కూల్చి మట్టిలో నింకిపోయెను. ఇది కంటికి కనబడిన నష్టము. కనబడని దింకొకటి కలదు. పెరటిలో బొట్టుబొట్టుగా కారు కుళాయి క్రింద మేమొక రాత్రి బిందె నుంచి కొలిచి చూడగా, ఎనిమిది గంటలలో ఆరు లీటర్లు నిండినవి. దినమునకు పదునెనిమిది లీటర్లు. అనగా ఒక మనిషి వంతులో మూడవపాలు. ఆ కుళాయిలో నరిగిన చిన్న రబ్బరుబిళ్ల మార్చుటకు పట్టిన కాలము పావుగంట.

గోడ సంగతి వచ్చునప్పటికి చిక్కు పుట్టినది. ఉమ్మడి గోడ గనుక ఆవలి సగము బాగుచేసికొనవలసినది ఆవలివారేయని ఇంటి యజమానులు ఫోనులో వాదించిరి. గొట్టము తమది కాదు, నీరు తమది కాదు, గోడ మాత్రము తమదెట్లగునని శిల్పి యడిగెను. అతని మాట న్యాయము. మావారు ఇరువురకు నడుమ చిక్కి వారము దినములు నలిగిరి. అత్తగారు ఒకనాటి సాయంకాలము యజమానులతో తామే మాటాడి, "అబ్బాయీ, ఆ పొద్దు పిల్లల మంచము మీద పడిన రాళ్లను అలాగే ఉంచినాము. నీవు ఒకమారు వచ్చి చూచిపో. చూచిన తరువాత నీ యిష్టము" అని మాత్రము చెప్పిరి. ఆయన వచ్చెను, విరిగిన మంచమును చూచెను. మారుమాట లేక సున్నమునకును కూలికిని ఒప్పుకొనెను. రాళ్లను సరిచేసి పేర్చు పని శిల్పియు అతని బంధువులును చేసిరి. కొత్త గొట్టమునకైన పైకము, కాశీయాత్రకై రెండేండ్లనుండి మేము కూడబెట్టినదానిలోనుండి తీసితిమి. యజమానులు దానిని అద్దెలో మినహాయింతుమనిరి, మినహాయించుచున్నారు. మేము కోరినది ఒక్కటే: గొట్టము మరల గోడలో పూడ్చరాదని. ఇప్పుడది గోడవెంబడి అందరికిని కనబడునట్లు బిగింపబడియున్నది. అందము తగ్గినదని చూడవచ్చినవా రనుచుందురు.

గోడను కట్టిన ముసలి మేస్త్రీ చెప్పిన మాటలు గృహిణు లందరును వినదగినవి. తడిసిన మట్టిగోడపై వెంటనే సిమెంటు పూయరాదు. సిమెంటు తడిని లోపలనే బంధించును. ఆ తడి ప్రక్కకు ప్రాకి మరియొకచోట ఉప్పుపెల్లులుగా వెలికివచ్చును. పాత గోడకు సున్నమే తగినది. అది గోడను ఊపిరి పీల్చనిచ్చును. మనకు సున్నమునకు కొదువయా? పిడుగురాళ్ల బట్టీలు ఇరుగుపొరుగుననే యున్నవి. గోడ యారుటకు అంగుళము మందమునకు నెలయని పనివారిలో నొక లెక్క కలదు. మేము వైశాఖమువరకు గోడను పూయనీయక, కిటికీలు తెరచి, సామానులను జానెడు దూరమున నుంచితిమి. నేల బండలను కూడ లేపించి, క్రిందనున్న తడిమట్టిని తీయించి, ఇసుక పోయించి మరల పరపించితిమి. పైన పొడిగానున్న బండను కఱ్ఱతో కొట్టి చూచినపుడు డొల్లధ్వని వచ్చినచో క్రింద మట్టి కొట్టుకొనిపోయినదని తెలియవలెను.

వంటయింటి నష్టము తక్కువదేమియు కాదు. జొన్నల బుట్ట యడుగు తడిసినది, కందులు తడిసినవి, ఆ యేటి కొత్త మిరపకాయలు రెండు కిలోలు నానినవి. తడిసిన వెంటనే జొన్నలను, కందులను పలుచగా ఎండబోసి దక్కించుకొంటిమి. మిరపకాయల సంచి యొక మూలబడి మూడవనాటికి కనబడగా, తొడిమల కడ బూజు పట్టియుండెను. అత్తగారికి పారవేయ మనసు రాలేదు. "కడిగి ఎండబెట్టిన ఏమవును?" అనిరి. బూజుపట్టిన మిరపకాయలలోను వేరుసెనగలోను ఒక విధమైన విషము పుట్టుననియు, అది కాలేయమునకు హానియనియు, కడిగినను ఉడికించినను పోదనియు శాస్త్రజ్ఞులు తేల్చినారు. ఆ మాట చెప్పగా ఆమె యొక నిట్టూర్పు విడిచి, తామే పెరటిలో గొయ్యి తీసి పూడ్చిరి. పశువుల మేతలో కలుపనీయలేదు.

ఇక పుస్తకములు. అచ్చుపుస్తకముల సిరా నూనెతో చేయబడునది గనుక నీటికి చెదరదు. కలపుసిరా యట్లు కాదు. మావారి మిత్రులు గ్రంథాలయోద్యోగి యొకరు ఫోనులో ఓపికతో చెప్పిన ప్రకారము చేసితిమి. తడిసిన పుస్తకమును ఎండలో పెట్టరాదు. అట్ట వంకరలు పోయి కాగితము పెళుసగును. అంటుకొన్న పుటలను బలిమిని విడదీయరాదు. నీడలో, గాలి తగులుచోట, పుస్తకమును నిలువబెట్టి విసనకఱ్ఱవలె విప్పి, పుటల నడుమ పీల్చుడు కాగితములనుంచి గంటగంటకు మార్చవలెను. రెండు దినములలో ఆరనిచో బూజు పట్టనారంభించును. ఒక్కసారిగా అన్నింటిని చూచుకొన వీలుకానిచో, ప్లాస్టికు సంచులలో చుట్టి శీతలపెట్టెలో గడ్డకట్టునట్లు పెట్టిన, బూజు ఆగియుండును. తరువాత నొక్కొక్కటిగా తీసి ఆరబెట్టుకొనవచ్చును. ఇటలీదేశమున ఫ్లారెన్సు నగరమును 1966 నవంబరు 4వ తేదీన ఆర్నోనది ముంచివేసినపుడు, అచటి జాతీయ గ్రంథాలయమున లక్షలకొలది గ్రంథములు బురదలో మునిగినవట. నానాదేశముల యువతీయువకులు వచ్చి, వరుసలుగా నిలిచి, చేతినుండి చేతికి అందించుచు వానిని వెలికి దీసిరి. తడిసిన గ్రంథములను కాపాడు శాస్త్రము ఆ యాపదవలననే మిక్కిలి వృద్ధి చెందినది. మా నడిమింటి వరుసలో నిలిచినవారు నలుగురే: మేము, మా పదేండ్ల కుమార్తె, ప్రక్కయింటి కోడలు, ఆ రాత్రి దుప్పటిలో నెత్తుకొని వచ్చిన పసివాడు. వానికి కాగితములందించు పని యిచ్చితిమి.

అచ్చుపుస్తకము లన్నియు దక్కినవి. నోటుపుస్తకములలో భారతమునకు వ్రాసినది దక్కినది. భాగవతమునకు వ్రాసినదానిలో అంచులు చెరిగి, నడుమ మిగిలినవి. మనుచరిత్రమునకు వ్రాసినది మాత్రము పుట పుటయు నీలిరంగు మేఘమై, అక్షర మొకటియు నిలువలేదు. దానిని పారవేయుదుమా యని మావారు మెల్లగా నడిగిరి. వలదంటిమి. ఆ వారము మేమెవరితోను ఎక్కువగా మాటాడలేకపోతిమి. పెట్టె మీది చేయి తీసినందుకు ఒక్కనాడును విచారింపలేదు. ఆ పిల్లవాడు మా వాకిట ఆడుకొనుచుండగా విచార మెట్లు కలుగును? అయినను రెండును నిజములే. బిడ్డలు దక్కిరను సంతోషము పుస్తకము పోయిన దుఃఖమును తుడిచివేయదు. గృహిణుల జీవితములలో ఇట్టివి కలవని పాఠకురాండ్రకు మేము చెప్పవలెనా?

ఫాల్గుణములో ఒక మధ్యాహ్నము మా కుమార్తె ఆ నీలిపుట లను చూచి, "అమ్మా, తాతగారు ఇక్కడ ఏమి వ్రాసినారు?" అనెను. పద్యము చదివి, వారు చెప్పిన యర్థమును చెప్పితిమి. మరియొకటి యడిగెను, అదియు చెప్పితిమి. మూడవదానికి కొంత తడుముకొని, వారు అరుగుమీద ఒక చేతిని ఆడించుచు చెప్పిన తీరు జ్ఞప్తికి రాగా, అర్థము దానంతటదియే వచ్చెను. ఆ నాటినుండి దినమునకు రెండు పద్యములు మేము చెప్పుచుండగా అమ్మాయి కొత్త నోటుపుస్తకములో పెన్సిలుతో వ్రాయుచున్నది. పెన్సిలుగీత నీటికి కరగదు. ఇప్పటికి ప్రథమాశ్వాసము పూర్తియైనది. మాకు జ్ఞప్తికి రానిచోట్ల ఖాళీ విడుచుచున్నాము.

సోదరీమణులకు మా మనవులు కొన్ని కలవు. ఇంటికి నీరు వచ్చు త్రోవను మేస్త్రీచేత చూపించుకొని, గొట్టములు పోవు గోడలను గుర్తు పెట్టుకొనవలెను. నీటిని నిలుపు వాల్వులను నెలకొకమారు త్రిప్పి మరల మొదటి తీరున నుంచవలెను, అప్పుడవి బిగియవు. గోడపై తడిమచ్చ, సున్నము పెచ్చులూడుట, తెల్లని ఉప్పు పూయుట, మోటారు మునుపటికంటె ఎక్కువసేపు నడువవలసి వచ్చుట, రాత్రి నిశ్శబ్దములో బుసధ్వని, ఇవి గొట్టము పంపు కబుర్లు. అనుమానమున్నచో రాత్రి కుళాయిలన్నియు కట్టి, ట్యాంకులోని నీటిమట్టమునకు గీత గీసి, తెల్లవారి చూడవలెను. నీరు పొంగినపుడు మొదట విద్యుచ్ఛక్తిని ఆపవలెను, పిమ్మట నీటిని, పిమ్మట మనుష్యులను, అందును గోడ కావలిప్రక్కవారిని మరువరాదు, సామానులు తుదకు. మెయిను కడకు నీటిలో నడచి పోవలసి వచ్చినచో దానిని తాకక, విద్యుత్తు పనివారిని పిలువవలెను. విలువగల కాగితములను నేలనుండి మూరెడెత్తున, ఇనుపబీరువాలోగాని గట్టి సంచిలోగాని దాచవలెను. అద్దెయింటివారు బాగుచేయవలసినవానిని యజమానులకు వ్రాతమూలకముగా తెలిపి, నకలు నుంచుకొనవలెను. మాకు సంక్రాంతినాటి యుత్తరపు నకలు ఎంతయో అక్కరకు వచ్చినది.

మన పెద్దలు బావిగట్టున చేదత్రాటిని ప్రతిదినము చేతితో తడిమి, ఏ పేట యరిగినదో చూచి, తెగకమున్నే మార్చెడివారు. త్రాడు పోయి గొట్టము వచ్చినది. చూచుకొను పని మాత్రము పోలేదు. అది మన చేతిలోని పనియే. దీనిని చదివిన సోదరీమణులు ఈ దినముననే తమ యింటి వాల్వు కడకు పోయి ఒక్కమారు త్రిప్పి చూతురని నమ్ముచున్నాము.